కట్టుడు పళ్ళ దురద

తొకుజో నోట్లో సొంత పన్ను ఒక్కటి కూడా లేదు. పై వరసా, కింది వరసా రెండూ రేవు పట్నంలో పళ్ళ డాక్టరు కట్టినవే. అయినా పొద్దున లేచింది మొదలు ఆయనకు పళ్ళు దురద పెడుతూనే ఉండేవి. ఆ దురద పేరు ఇసాము. ఒక్కగానొక్క కూతురు ఫుమియేకి మొగుడు, ఇల్లరికం వచ్చిన అల్లుడు.

సాదో దీవిలో "హగయుయి" అనని మనిషి ఉండడు. పళ్ళు దురదగా ఉన్నాయని ఆ మాటకు అర్థం. ఎదుటివాడు పని పాడుచేస్తుంటే, తను చేస్తే చిటికెలో అయ్యేది వాడి చేతిలో నలిగిపోతుంటే, చెయ్యి పెట్టే వీలు లేక చూస్తూ కూర్చున్నవాడి మంట అది. తొకుజోకి పాట నేర్పిన గురువు ఈ మాట ఎలా పుట్టిందో తనకు తోచినట్టు చెబుతుండేవాడు. ఒంటి దురద గోకితే పోతుంది. నోటి దురద నలుగురినీ నాలుగు మాటలంటే పోతుంది. పంటి దురదకు గోరు ఆనదు, దవడ బిగబట్టి ఊరుకోవాల్సిందే. వెనకటికి ఎవడో అలా దవడ బిగబట్టి కూర్చుని, ఆ బాధకు వేరే పేరు దొరక్క పంటి మీదికి నెట్టేసి ఉంటాడని ఆయన ఊహ. అందుకని నోరు మూసుకున్నవాడికే ఆ మాట చెల్లుతుందని కూడా అనేవాడు. ఈ చివరి ముక్క తొకుజో చెవికెక్కలేదు. దురద పుట్టడం, నోరు తెరవడం ఆయనకు ఒకటే పని.

మూడు గిద్దెల తవుడున్నా సరే ఇల్లరికం పోవద్దని అక్కడి సామెత. ఇసాము పోయాడు. సముద్రం అవతల నీగతాలో వరి పండించే ఇంట మూడో కొడుకు. పెళ్ళినాడు సొంత ఇంటిపేరు వదులుకుని మామగారి ఇంటిపేరు పెట్టుకున్నాడు. వరి తెలిసిన చేతికి పెర్సిమన్ పండ్ల తోట అప్పగించారు. కొమ్మ కత్తిరిస్తే పళ్ళు దురద. నిచ్చెన వేస్తే పళ్ళు దురద. స్నానాల తొట్టెకు నీళ్ళు కాస్తే, మిసో చారు జుర్రితే, ఆఖరికి చెప్పులు విడిస్తే పళ్ళు దురద. ఇంట్లో అన్నది చాలక తొకుజో మంగలి దుకాణంలో అనేవాడు, రేవులో అనేవాడు, పళ్ళు తూకం వేసే చోట పదిమందిలో అనేవాడు. వాడి చేతికి అందిన పనల్లా బూడిదలో పోసిన పన్నీరని ఊరంతా అనుకునేదాకా ఊరుకోలేదు.

ఇసాము కూడా తల వంచుకుని పడి ఉండే రకం కాదు. ఒకరోజు భోజనాల దగ్గర ముసలాయన ఎప్పటిలాగే అన్నాడు. ఇసాము అన్నం ముద్ద నమిలి మింగి, చాలా మర్యాదగా బదులిచ్చాడు.

"కట్టుడు పళ్ళకు దురదేంటి మామగారూ. అంతగా ఉంటే తీసి గ్లాసులో పడేయండి. రాత్రికి అదే చల్లబడుతుంది."

ఆ మాట ఎలా బయటికి పొక్కిందో గాని, ఊరు వారం రోజులు నవ్వింది. తొకుజో ఆ నవ్వును మరిచిపోలేదు. అప్పటి నుంచి మామా అల్లుళ్ళు ఒక చూరు కింద రెండు పిల్లుల్లా బతికారు. మధ్యలో ఫుమియే బతుకు అడకత్తెరలో పోకచెక్క.

కూతురి పెళ్ళయిన ఎనిమిదో ఏట తొకుజోకి మోకాళ్ళు పోయాయి. అది తోటపనికి వచ్చిన కష్టం కాదు, గుడికి వచ్చిన కష్టం. ఏటా జూన్‌లో ఊరి గుడి ముందు గడ్డికప్పు వేదిక మీద 'నో' అనే పాతకాలపు పాటల నాటకం ఆడతారు. ఆడేది రైతులు, డోలు కొట్టేది చేపలవాళ్ళు, చూసేది వాళ్ళ పెళ్ళాం పిల్లలు. పాట సగం ఊరికి కంఠతా వచ్చు. కొయ్య ముఖం పెట్టుకుని ప్రధాన వేషం కట్టేది తొకుజోనే. ఆ వేషానికి కూర్చున్నవాడు చెయ్యి ఆనించకుండా లేవాలి. కిందటేడు లేవబోయి ఆయన పక్కకు ఒరిగాడు. పెద్దలు కూర్చుని మాట్లాడుకుని, వేషం ఆ ఇంట్లోనే ఉండనిద్దామని, అయిదేళ్ళుగా వంతపాట పాడుతున్న ఇసాము పేరు చెప్పారు. తొకుజోకి వెనుక కూర్చునే పని ఇచ్చారు.

వెనుక కూర్చునేవాడంటే చిన్నవాడేమీ కాదు. వేషగాడి వెనక వేదిక మీదే మామూలు నల్లబట్టల్లో కదలకుండా కూర్చుంటాడు. చెంగు చిక్కుకుంటే సర్దుతాడు, మాట మరిచిపోతే అందిస్తాడు. వేషగాడు పడిపోతే పక్కకు లాగేసి మిగతా ఆట తానే పూర్తి చేస్తాడు. అందుకే వేషగాడి కన్నా ఎక్కువ తెలిసినవాణ్ణే అక్కడ కూర్చోబెడతారు. తొకుజోని పొగడడానికే ఇచ్చారు ఆ చోటు. ఆయనకు మాత్రం తన కుర్చీలో దొంగ కూర్చుంటే కాపలా కాయమన్నట్టు అనిపించింది.

రిహార్సల్స్ చేపలవాళ్ళ సంఘం గదిలో జరిగాయి. డోలు కొట్టే గెంబే, చేపల దుకాణం వాడు, తొకుజోతో కలిసి బడికి పోయినవాడు, రెండుసార్లు స్వయంగా వచ్చి పిలిచాడు. తొకుజో వెళ్ళలేదు. ముప్ఫై ఏళ్ళు ఆడిన ఆటను వీడి దగ్గర కొత్తగా చూసేదేముందని ఇంట్లో కూర్చుని కాళ్ళకు పట్టు వేసుకున్నాడు. నిజానికి కొత్తది ఒకటి ఉంది. వసంతం పాట ఎత్తుకునే ముందు ఎప్పుడూ ఉండే చిన్న ఊపిరిని ఇసాము బాగా సాగదీద్దామన్నాడు. ఆ ఆట కథలో, నదిలో కొడుకును పోగొట్టుకున్న తల్లి ఆత్మ ఒడ్డున నిలబడి, పూలు చూసి, చాలాసేపు నోరు రాక ఉండిపోవాలన్నది అతని ఆలోచన. గెంబే మొదట గొణిగాడు, తర్వాత ఒప్పుకున్నాడు. ఇది ఇంట్లో ముసలాయనకు చెప్పినవాడు లేడు. ఆయన అడిగిందీ లేదు.

పండగ రోజు పొద్దున చారు గిన్నెలు పెట్టి ఫుమియే కూర్చోగానే ఇసాము విషయం ఎత్తాడు. గొంతు పెంచలేదు.

"మాట మరిచిపోతే నేనే చెబుతాను మామగారూ. చేతిలో విసనకర్ర కిందికి దించుతాను. అది దిగితే మీరు అందించండి, కళ్ళకద్దుకుంటాను. దిగకుండా మీ నోట్లోంచి ఒక్క ముక్క వచ్చిందా, రేపు పొద్దున పడవకి మేం నీగతా వెళ్ళిపోతాం. అన్నయ్య దగ్గర పొలం ఉంది, పనుంది. మళ్ళీ రాం."

తొకుజో కూతురి వైపు చూశాడు. మొగుణ్ణి ఒక్క కసురు కసురుతుందని ఆయన ఆశ. ఆమె పక్కన కూర్చున్న తన చిన్నపాప పళ్ళెంలో చేపముల్లు తీస్తూ తలెత్తకుండా అంది.

"నేనూ పాపా కూడా నాన్నా. ఎనిమిదేళ్ళు విన్నాను. ఇవాళ ఒక్కరోజు ఊరుకో."

ఊరుకుంటానని ఆయన అనలేదు, ఊరుకోనని కూడా అనలేదు. వాడు మరిచిపోకుండా ఉంటేగా అని మాత్రం మనసులో అనుకున్నాడు. వాడు మరిచిపోవాలనే కోరుకున్నాడు. ఊరందరి ముందూ ఆ విసనకర్ర దిగాలి, తను నిదానంగా, వినపడీ వినపడనట్టు మాట అందించాలి, అప్పుడు తెలుస్తుంది కట్టుడు పళ్ళ సత్తా ఏంటో. అల్లుడి మీద ఇంత కసి పెట్టుకున్న మనిషి దేవుడి ముందు ఎలా కూర్చుంటాడో నాకు తెలియదు గాని, ఆయన కూర్చున్నాడు.

మధ్యాహ్నం ఎండ వాలాక ఆట మొదలైంది. గుడి ముంగిట్లో చాపలు పరుచుకుని ఊరంతా చేరింది, అన్నం డబ్బాలు తెచ్చుకుంది. వేదిక వెనక మూలన తొకుజో మోకాళ్ళు మడిచి కూర్చున్నాడు. నొప్పికి కళ్ళు తిరుగుతున్నాయి. ఎదురుగా ఆయనకు కనిపించేది అల్లుడి వీపు, జుట్టుకు కట్టిన తాడు, మెడ పట్టీ, అంతే. వీపు చూసి తప్పులు పట్టడం మొదలుపెట్టాడు. అడుగు బరువుగా పడింది. మలుపులో భుజం ముందు వచ్చింది. చెయ్యి ఎత్తడం తొందరైంది. ఒక్కోదానికీ చిగుళ్ళ మీద కట్టుడు పళ్ళు కదిలేలా దవడ నొక్కాడు. జనం మాత్రం చాపల మీద కదలకుండా చూస్తున్నారు. ఒక ముసలమ్మ కళ్ళు తుడుచుకుంది. అది చూసి ఆయనకు మరీ మండింది.

వసంతం పాట దగ్గరికి వచ్చేసరికి ఇసాము ఆగాడు.

డోళ్ళు ఆగాయి. పిల్లనగ్రోవి ఆగింది. ఒక ఊపిరి అయింది, ఇంకొకటి అయింది. ఇక్కడ తనైతే ఎప్పుడో ఎత్తుకునేవాడు. మరిచిపోయాడు, అనుకున్నాడు తొకుజో. విసనకర్ర వైపు చూశాడు. అది రొమ్ము ఎత్తున అలాగే ఉంది, వణకడం లేదు. దించడు, వీడి పొగరు దించనివ్వదు, నలుగురిలో నగుబాటైనా సరే నన్ను అడగడు. అలా అని తనకు తాను చెప్పుకున్నాడు. ఈ ఆట తనది. ఈ వేదిక తనది. తన ఆట వీడి నోట్లో చచ్చిపోతుంటే తను కట్టెలా కూర్చోవాలా? దురద చిగుళ్ళలోంచి చెవుల దాకా పాకింది.

మోకాళ్ళ మీదే జరిగి ముందుకు వెళ్ళాడు. చెంగు సర్దుతున్నట్టు వంగి, అల్లుడి చెవి దగ్గర మాట అందించాడు.

"ఒడ్డున ఆకులు రాలెను."

ఇసాము వీపు ఒక్కసారి బిగుసుకుంది. తొకుజో వెనక్కి జరిగి కూర్చున్నాడు. అప్పుడు అల్లుడి గొంతు లేచింది, నిండుగా, తడబాటు లేకుండా. ఒడ్డున ఆకులు రాలెను. వంతపాటవాళ్ళ తలలు ఒక్కసారిగా లేచాయి. గెంబే చెయ్యి గాల్లో ఆగిపోయింది. వసంతంలో రాలేవి పూలు. ఆకులు రాలేది శరత్తులో, ఇంకా ఒక పూర్తి ఘట్టం తర్వాత. వసంతం మొత్తం ఎగిరిపోయింది. వంతపాట తడుముకుంది, పిల్లనగ్రోవి ముసలాయన ఎక్కడున్నాడో తెలియక ఊదడం మానేశాడు, చాపల మీద గుసగుసలు పుట్టాయి. ఆ గందరగోళంలోంచి ఇసాము ఒక్కడే శరత్తు పాటను చివరిదాకా లాక్కువెళ్ళి దిగాడు. తొకుజోకి అప్పటికి గాని తెలియలేదు తను ఏం అందించాడో.

వేషం విప్పే గదిలో ఇద్దరే మిగిలారు. ఇసాము కొయ్య ముఖం తీసి పెట్టెలో పెట్టాడు. చెమటతో ముఖం తడిసి ఉంది. తను ఆగింది మరిచిపోయి కాదని, గెంబేతో అనుకున్నదేనని, రిహార్సల్‌కి వచ్చి ఉంటే తెలిసేదని చెప్పాడు. తప్పు మాటని తెలిసి ఎందుకు అందుకున్నావని తొకుజో అడిగాడు. ఆ అడగడంలో కూడా దబాయింపే ఉంది.

"అందుకోకపోతే నాకు వినపడలేదనుకుని మళ్ళీ చెప్పేవారు. ఈసారి గట్టిగా. మీరు తప్పు చెప్పడం ఊరంతా వినేది. వేదిక మీద వెనకవాడి మాటే మాట, అది నిలబెట్టాను. వేదిక దిగాక నా మాట నాది. పొద్దున పడవకి వెళ్తున్నాం."

ఆట తర్వాత గుడి పక్క హాలులో విందు. లోపలికి వెళ్ళబోతుంటే ఫుమియే తండ్రి చెయ్యి పట్టుకుని ఆపింది. ఆమెకు మొగుడు అంతా చెప్పేసినట్టుంది. చెంపలు ఎర్రగా ఉన్నాయి.

"నాన్నా, లోపల అందరూ ఆయన్ని తిడతారు. ముందు నువ్వే చెప్పెయ్, నేను తప్పు అందించానని. వాళ్ళ నోటి నుంచి మొదటి మాట రాకముందే చెప్పు. అప్పుడు నేను ఆయన కాళ్ళు పట్టుకునైనా ఆపుతాను. ఆలస్యం చేస్తే నావల్ల కాదు."

తొకుజో తల ఊపాడు. చెప్పేవాడేనేమో కూడా. కాని కూర్చోగానే గెంబే మొదలుపెట్టాడు. ఆగడం దాకా బాగుందని, తర్వాత ఏం పూనిందని ఇసాముని నిలదీశాడు. మరిచిపోయాడనుకుని పాపం తొకుజో ఆ చచ్చు మోకాళ్ళ మీద పాక్కుంటూ వెళ్ళి అందించాడే, అందించింది కూడా నోటికి రాలేదా అన్నాడు. ముప్ఫై ఏళ్ళలో ఒక్క అక్షరం పోనివ్వని ఇంటి పరువు ఇవాళ పోయిందని ఇంకొకడన్నాడు. కొమ్మ కొట్టడం రానివాడికి కొయ్య ముఖం కట్టబెట్టామని వేరొకడు. ఇవన్నీ ఎక్కడివో కాదు, మంగలి దుకాణంలో తొకుజో తానే పెట్టిన విత్తనాలు. ఇసాము రెండు చేతులూ తొడల మీద పెట్టుకుని అన్నీ విన్నాడు. తప్పయిపోయిందని తల వంచాడు.

ఫుమియే వడ్డించే ఆడవాళ్ళ వరసలోంచి తండ్రినే చూస్తోంది. ఆయన నోరు కదులుతుందా అని చూస్తోంది. ఆయన చేప ముక్క తీసుకున్నాడు. ఆమె పెదవులు తనే చెబుతున్నట్టు కదిలాయి. ఆయన బియ్యపు సారా, సాకే, ఒక గుక్క వేశాడు. ఫుమియే తనే నోరు విప్పి చెబితే మొగుడి పరువు నిలుస్తుంది గాని తండ్రి పరువు పోతుంది, తండ్రి చెప్పాల్సింది తండ్రే చెప్పాలి, ఆమె చెయ్యగలిగింది దవడ బిగబట్టి చూడటమే. ముప్ఫై ఏళ్ళ పేరు ఒక్క మాటతో ఎలా పోగొట్టుకోవడం అని ఆయన లోపల గుంజాటన పడుతున్నాడు. ఇంకొక్క నిమిషం, ఈ గిన్నె అయ్యాక, గెంబే తిట్టు అయ్యాక. ఎనిమిదేళ్ళు ఎదుటివాడి ప్రతి తప్పుకూ తెరుచుకున్న నోరు సొంత తప్పు దగ్గర గడియ వేసుకుంది.

మాట ఊళ్ళో పెళ్ళి కబుర్ల మీదికి మళ్ళింది. ఫుమియే చేతిలో పళ్ళెం కింద పెట్టి, మూలన నిద్రపోతున్న పాపను ఎత్తుకోవడానికి లేచింది. అది చూశాడు తొకుజో. గిన్నె పెట్టేసి గట్టిగా అన్నాడు.

"తప్పు నాది. ఆకులని చెప్పింది నేను. అల్లుడు నేనన్నదే పాడాడు."

అందరూ ఆయన వైపు తిరిగారు. తర్వాత గెంబే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. లేచి వచ్చి తొకుజో భుజం పట్టుకున్నాడు.

"చూశారట్రా మామగారంటే. అల్లుడు పరువు తీస్తే తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఒరేయ్ తొకుజో, నువ్వూ తప్పు చెప్పేవాడివేనా? ఎవరికి చెబుతావురా."

కాదురా, నిజంగా నేనేరా అని తొకుజో మొత్తుకున్నాడు. మొత్తుకున్నకొద్దీ వాళ్ళు మెచ్చుకున్నారు. నోటితో కరుకే గాని మనసు వెన్న అన్నారు. ఆయన గురువు పేరు చెప్పి ఒట్టు పెట్టాడు. అబద్ధపు ఒట్టు కూడా పెడుతున్నాడు అల్లుడి కోసం, అని పిల్లనగ్రోవి ముసలాయన ముక్కు చీదాడు. అల్లుణ్ణి లేచి వచ్చి మామగారికి దణ్ణం పెట్టమన్నారు.

ఇసాము వచ్చి ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చున్నాడు. ఆయనకు మాత్రమే వినపడేలా చెప్పాడు.

"వీళ్ళెవరూ నమ్మరు మామగారూ. నా చేతకానితనం మీరే ఊరికి నూరిపోశారు. బాగా ఎక్కింది."

తర్వాత రెండు అరచేతులూ చాప మీద ఆనించి, నుదురు తాకేదాకా వంగి, ఇన్నాళ్ళూ చూసుకున్నందుకు ఋణపడి ఉన్నానని అందరికీ వినపడేలా అన్నాడు. జనానికి అది కృతజ్ఞత. ఇల్లు విడిచేవాడు అనే మాట కూడా అదేనని తొకుజోకి తెలుసు.

ఫుమియే పాపను గెంబే పెళ్ళాం చేతికిచ్చి వచ్చి మొగుడి పక్కన కూర్చుంది. అత్తారింటికి బయల్దేరే పెళ్ళికూతురు తల్లిదండ్రుల ముందు చేసే వందనం ఒకటి ఉంది. ఆమె పెళ్ళికి మొగుడే ఇంటికి వచ్చాడు గనక ఆమె అది ఎప్పుడూ చెయ్యలేదు. ఇప్పుడు వేళ్ళు కలిపి చాప మీద పెట్టి, మెల్లగా వంగింది.

"నాన్నా, ఇంతకాలం పెంచావు. వెళ్ళొస్తాను."

నిద్రపోయిన పాపతో ఇంటికి వెళ్తోందనుకుని హాలంతా చప్పట్లు కొట్టింది. ఇలాంటి కూతురూ అల్లుడూ ఏ ఇంట్లో ఉన్నారని గెంబే ఆయన గిన్నె నింపాడు. ఏదో ఒకటి మాట్లాడమని అందరూ అడిగారు. తొకుజో లేవబోయాడు గాని మోకాళ్ళు లేవనివ్వలేదు, చూస్తుండగానే వాళ్ళిద్దరూ పాపను తీసుకుని చెప్పులు వేసుకున్నారు.